బడిలో ఏ బిడ్డా ఒంటరి కారాదు

2025 సెప్టెంబరు 5న రబీవుల్ అవ్వల్ 12వ తేదీ, ఉపాధ్యాయ దినోత్సవం ఒకే రోజున వచ్చాయి. ఒకవైపు మస్జిదుల్లో దైవప్రవక్త (స) జీవితాన్ని స్మరించుకున్నాము. మరొకవైపు గురువులకు శాలువాలు కప్పి సత్కరించుకున్నాము. ఆ తరువాత అయిదు రోజులకే, సెప్టెంబరు 10న, ప్రపంచ ఆత్మహత్యల నివారణ దినం వస్తుంది. ఆ రోజున మన బడుల్లో ఉదయపు ప్రార్థన వేళ ఆ విషయం గురించి ఒక్క మాటైనా వినిపించడం అరుదు. ఈ రెండు తేదీల మధ్య ఉన్న సంబంధాన్ని పాఠకుల ముందు, ముఖ్యంగా ఉపాధ్యాయులైన పాఠకుల ముందు, ఉంచడం ఈ సంపాదకీయం ఉద్దేశం.

జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో విద్యార్థులు 13,044 మంది. అంటే సగటున రోజుకు 35 మంది. అంతకు ముందు సంవత్సరం కూడా ఈ సంఖ్య 13 వేలకు పైనే ఉంది. ఒక తరగతి గదిలో పట్టేటంత మంది పిల్లలు ప్రతి రోజూ ఈ దేశంలో ఇలా రాలిపోతున్నారన్న మాట. పత్రికల్లో ఈ వార్త ఒక మూల నాలుగు వాక్యాల్లో ముగుస్తుంది. ‘మార్కులు తక్కువ వచ్చాయని’, ‘తల్లి మందలించిందని’, ‘ఫోన్ కొనివ్వలేదని’ అంటూ ఒక్క కారణంతో శీర్షిక పెట్టి వదిలివేస్తారు. నిజానికి ఏ బిడ్డా ఒకే ఒక్క కారణంతో అంతటి నిర్ణయానికి రాదు. చాలా కాలంగా పేరుకుపోయిన అవమానం, భయం, నిద్రలేమి, ఎవరికీ చెప్పుకోలేనితనం, కొందరిలో వైద్యం అందని మానసిక అనారోగ్యం, వీటన్నిటి మీద చివరిగా పడిన చిన్న బరువునే మనం కారణమని పిలుస్తున్నాము.

తెలుగు నేలకు ఈ విషాదం కొత్త కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత కొద్ది రోజుల్లోనే 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లోనే తప్పులు దొర్లాయని తరువాత తేలింది. తెలుగులో సున్నా వచ్చిందన్న ఒక విద్యార్థినికి జవాబుపత్రం తిరిగి చూస్తే 99 మార్కులు వచ్చాయి. 2023 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ఇంటర్ ఫలితాలు వచ్చిన రెండు రోజుల్లోనే తొమ్మిది మంది పిల్లలు మరణించినట్టు వార్తలు వెలువడ్డాయి. ఈ సంఖ్యల వెనుక ఉన్న ప్రతి ఇంటిలోనూ ఒక తల్లి ఈనాటికీ, ఆ సాయంత్రం తాను ఏమి చూడలేకపోయానా అని తనను తాను ప్రశ్నించుకుంటూనే ఉంటుంది. ఆ ప్రశ్నను ఆ తల్లి ఒక్కదాని మీద వదిలిపెట్టడం న్యాయం కాదు. ఇంటి తరువాత పిల్లలు అత్యధిక సమయం గడిపేది బడిలో. తల్లిదండ్రుల తరువాత వారిని రోజూ చూసే పెద్దవారు ఉపాధ్యాయులే.

మైనారిటీ హక్కుల పత్రికకు ఈ విషయంతో ఏమి పని అని కొందరు అడగవచ్చు. చాలా పని ఉంది. 6 నుంచి 14 సంవత్సరాల వయసు గల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది బడిలో ఎన్నడూ చేరలేదు లేదా మధ్యలో మానివేశారని 2006లో సచార్ కమిటీ తేల్చింది. ఆనాటి నుంచి పిల్లలను బడికి పంపండి అని మనం గల్లీ గల్లీ తిరిగి చెబుతున్నాము. పండ్ల బండి తోసే తండ్రి, వెల్డింగ్ షాపులో చేతులు కాల్చుకునే తండ్రి, బీడీలు చుట్టే తల్లి, గల్ఫ్‌లో ఏళ్ళ తరబడి ఒంటరిగా ఉన్న తండ్రి మన మాట నమ్మి పిల్లలను బడికి పంపారు. వారి ఇంట్లో ఆ బిడ్డే మొదటి చదువరి. ఇంటి ఆశలన్నీ ఆ ఒక్క భుజం మీదనే ఉంటాయి. ఇంట్లో పాఠం చెప్పేవారు లేరు. ట్యూషన్‌కు డబ్బు లేదు. ఉర్దూ మాట్లాడే ఇంటి నుంచి తెలుగు లేదా ఇంగ్లీషు తరగతికి వెళ్ళే బిడ్డ మొదటి రెండు మూడేళ్ళు సగం పాఠం అర్థం కాకుండానే కూర్చుంటుంది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు మైనారిటీ పిల్లలకు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ ఉపకార వేతనాన్ని 2022లో నిలిపివేశారు. చిన్న ఫీజుల ప్రైవేటు బడిలో చదివే బిడ్డకు ఆ మొత్తం చిన్నదేమీ కాదు. బడికి పంపమని చెప్పిన మనం, బడిలో ఆ బిడ్డ మనసు ఎలా ఉందో కూడా అడగవలసి ఉంటుంది. చదువు హక్కు గురించి మాట్లాడి, చదువుకునే బిడ్డ ప్రాణం గురించి మాట్లాడకపోతే ఆ హక్కుకు అర్థం ఉండదు.

ఉపాధ్యాయులు ఏమి చేయగలరు? ఈ ప్రశ్న అడగగానే చాలామంది గురువులు వెనక్కి తగ్గుతారు. మేము మానసిక వైద్యులము కాము కదా, ఏదైనా అడిగి ఇంకేదో జరిగితే మా మీదకు వస్తుంది కదా అంటారు. వారి భయంలో నిజం లేకపోలేదు. అయితే వారి నుంచి ఎవరూ వైద్యం కోరడం లేదు. కోరుతున్నవి నాలుగే పనులు. బిడ్డను అవమానించకపోవడం, మారిన బిడ్డను గమనించడం, మనసు విప్పి అడిగి ఓపికగా వినడం, వినిన తరువాత ఒంటరిగా వదలకుండా తగిన చేతులకు అప్పగించడం. ఈ నాలుగింటికీ పట్టా అక్కరలేదు.

మొదటిది అవమానం. ఫీజు కట్టలేదని తరగతి బయట నిలబెట్టడం, మార్కులు బిగ్గరగా చదివి ‘నీ మొహానికి చదువెందుకు, మెకానిక్ షాపుకు పో’ అనడం, చివరి బెంచీకి పేరు పెట్టడం మన బడుల్లో ఎంత మామూలైపోయాయంటే అవి తప్పులుగానే తోచవు. దీనికి మతం కూడా తోడైతే గాయం ఇంకా లోతుకు వెళుతుంది. 2023 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక ప్రైవేటు బడిలో ఏడేళ్ళ ముస్లిం బాలుణ్ణి తోటి పిల్లల చేత టీచరే చెంపదెబ్బలు కొట్టించిన దృశ్యాన్ని దేశమంతా చూసింది. సుప్రీంకోర్టు కూడా ఆ ఘటనపై తీవ్ర ఆవేదన వ్యక్తం చేసింది. మన ప్రాంతంలో అంతటి ఘోరం జరగలేదని సంతృప్తి పడడం సరికాదు. క్రికెట్ మ్యాచ్ మరునాడు ‘మీవాళ్ళు ఓడిపోయారా’ అని నవ్వడం, ఎక్కడో బాంబు పేలితే తరగతిలో ఉన్న ఒక్క ముస్లిం బిడ్డ వైపు అందరూ తిరిగి చూడడం, ఆ నవ్వునూ ఆ చూపునూ టీచరు చూసీ చూడనట్టు ఊరుకోవడం కూడా గాయాలే. ఆ బిడ్డ ఇంటికి వెళ్ళి ఈ విషయం చెప్పదు. చెబితే బడి మాన్పిస్తారన్న భయం. గురువు ఆ నవ్వును ఒక్క మాటతో ఆపితే ఆ మాట బిడ్డకు జీవితాంతం గుర్తుంటుంది.

విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 2014లో సుప్రీంకోర్టు మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు మన సంస్థలను మనమే నిర్వహించుకునే హక్కును కాపాడటానికి వచ్చింది. బెత్తాన్ని కాపాడటానికి రాలేదు. పిల్లల పట్ల క్రూరత్వాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం నేరంగానే పరిగణిస్తుంది, అది ఏ బడిలో జరిగినా సరే. మన యాజమాన్యంలోని పాఠశాలల్లో, మదర్సాల్లో, హిఫ్జ్ చేసే పిల్లల వసతి గృహాల్లో ఈ విషయాన్ని నిర్మొహమాటంగా పరిశీలించుకోవాలి. ఇతరులను వేలెత్తి చూపే హక్కు మన ఇల్లు శుభ్రంగా ఉన్నప్పుడే నిలుస్తుంది.

రెండవది గమనించడం. ఎప్పుడూ ముందు వరుసలో కూర్చునే బిడ్డ వెనక్కి జరిగిందా? స్నేహితులతో మాట మానిందా? హాజరు పట్టికలో సోమవారాలు వరుసగా ఖాళీగా ఉన్నాయా? అన్నం పెట్టె తెరవకుండానే తిరిగి ఇంటికి తీసుకుపోతోందా? తరగతిలో నిద్రపోతోందా? చేతుల మీద గాయాలు కనిపిస్తున్నాయా? ప్రాణంగా చూసుకునే వస్తువులను తోటివారికి పంచిపెడుతోందా? ‘నేను లేకపోతే అమ్మీకి బాధ తప్పుతుంది’ వంటి మాట నోటి నుంచో, నోటు పుస్తకం చివరి పేజీ నుంచో బయటపడిందా? వీటిలో ఏ ఒక్కటీ తనంతట తాను రుజువు కాదు. అయితే రెండు మూడు కలిసి కనిపిస్తే ఆ బిడ్డతో ఆ రోజే మాట్లాడాలి. ఇంట్లో మరణం, తల్లిదండ్రుల విడాకులు, అప్పుల వాళ్ళు ఇంటి మీదకు రావడం, పెళ్ళి చూపుల కోసం బడి మాన్పించాలన్న మాట, ఫోన్‌లో ఎవరో ఫొటోలు పెట్టి బెదిరించడం వంటివి ఆ బిడ్డ జీవితంలో కొత్తగా వచ్చాయేమో తెలుసుకోవాలి.

మూడవది అడగడం. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. చావు మాట ఎత్తితే లేని ఆలోచన కలిగించినట్టు అవుతుందని పెద్దలు భయపడతారు. అది నిజం కాదని మానసిక ఆరోగ్య పరిశోధనలు స్పష్టంగా చెబుతున్నాయి. సూటిగా, ప్రేమగా అడగడం వల్ల బిడ్డ మనసులోని భారం తగ్గుతుందే తప్ప ప్రమాదం పెరగదు. నలుగురిలో కాక, ఒక పక్కకు పిలిచి, తలుపు తెరిచే ఉంచి, ‘ఏం నాన్నా, ఈ మధ్య నీలో నువ్వు లేవు, ఏమైంది?’ అని మొదలుపెట్టవచ్చు. బిడ్డ కాస్త మాట్లాడిన తరువాత, ‘ఇంత బాధలో చచ్చిపోవాలని కూడా అనిపిస్తోందా తల్లీ?’ అని అడగవచ్చు. జవాబు అవునని వస్తే గురువు ముఖంలో కోపం గాని కంగారు గాని కనిపించకూడదు. ‘నాకు చెప్పి మంచి పని చేశావు. ఇక నువ్వు ఒక్కదానివే మోయనక్కరలేదు’ అన్న మాట చాలు. ఉపన్యాసం వద్దు. పక్కింటి పిల్లతో పోలిక వద్దు. ‘ఇంత చిన్న విషయానికా’ అన్న మాట అసలే వద్దు. మనకు చిన్నదైన విషయం పద్నాలుగేళ్ళ మనసుకు లోకమంత పెద్దది.

నాలుగవది అప్పగించడం. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు. ‘నీకు సాయం చేయగలిగినవారికి మాత్రమే చెబుతాను, నీకు తెలియకుండా చెప్పను’ అనాలి. ఆ క్షణం నుంచి బాధ్యత గల పెద్దవారి చేతికి అప్పగించేదాకా బిడ్డను ఒంటరిగా వదలకూడదు, ఒంటరిగా ఇంటికి పంపకూడదు. ప్రధానోపాధ్యాయునికీ, తల్లిదండ్రులకూ తెలియజేసి, ఇంట్లో ప్రమాదం కలిగించే వస్తువులు అందుబాటులో లేకుండా చూడమని తల్లిదండ్రులకు నెమ్మదిగా చెప్పాలి. ఇంటివారే బాధకు కారణమైతే, బిడ్డ నమ్మే మేనమామనో, పిన్నినో, బాలల హెల్ప్‌లైన్ 1098నో ఆశ్రయించాలి. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయడం విధి. అక్కడ పెద్దమనుషుల పంచాయితీలకూ, పరువు మాటలకూ చోటు లేదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరు మీద రాత్రింబవళ్ళు ఉచితంగా పనిచేస్తుంది. తెలుగుతో సహా 20 భాషల్లో మాట్లాడవచ్చు. బిడ్డ మాత్రమే చేయాలని లేదు, ఏమి చేయాలో తోచని టీచరు కూడా ఆ నంబరుకు ఫోను చేసి సలహా అడగవచ్చు. ఆత్మహత్యాయత్నం చేసినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా భావించాలనీ, వారికి సంరక్షణ, చికిత్స అందించే బాధ్యత ప్రభుత్వానిదనీ 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి పోలీసు కేసు అవుతుందన్న భయంతో విషయాన్ని దాచవలసిన అవసరం లేదు.

ఈ నాలుగు పనులతో ఉపాధ్యాయుని పాత్ర పూర్తయిందని మేము అనము. యూరప్‌లోని 10 దేశాల్లో, 168 బడుల్లో, 11 వేలకు పైగా కౌమార విద్యార్థులతో జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడింది. కొన్ని బడుల్లో ఉపాధ్యాయులకు మాత్రమే శిక్షణ ఇచ్చారు. మరికొన్ని బడుల్లో నాలుగు వారాల్లో మొత్తం అయిదు గంటల పాటు విద్యార్థులే కూర్చొని తమ బాధలు, ఒత్తిళ్ళు, వాటిని ఎదుర్కొనే దారుల గురించి చిన్న చిన్న నాటికలతో, చర్చలతో మాట్లాడుకున్నారు. ఏడాది తరువాత చూస్తే, ఉపాధ్యాయుల శిక్షణ ఒక్కటే జరిగిన చోట చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పిల్లలే మాట్లాడుకున్న చోట ఆత్మహత్యాయత్నాలు, వేరే ఏమీ చేయని బడులతో పోలిస్తే సుమారు సగానికి తగ్గాయి. దీని నుంచి ఉపాధ్యాయులు నేర్చుకోవలసింది ఉంది. బిడ్డ తన బాధను ముందుగా చెప్పుకునేది స్నేహితునికే. ఆ స్నేహితునికి ‘ఇది దాచవలసిన రహస్యం కాదు, సార్‌కో మేడమ్‌కో చెప్పాలి’ అని తెలియాలి. అలా వచ్చి చెప్పిన బిడ్డను చాడీలు చెప్పేవాడిగా చూడకుండా గౌరవించాలి. ఒక విద్యాసంవత్సరంలో అయిదు గంటలు ఇందుకు కేటాయించడం ఏ బడికీ అసాధ్యం కాదు.

ఇక మన సమాజం లోపలి విషయం. ఆత్మహత్య ఇస్లామ్‌లో నిషిద్ధం. ఇందులో సందేహానికి తావు లేదు. అయితే ఈ నిషేధాన్ని మనం బాధలో ఉన్న బిడ్డ నోరు నొక్కడానికి వాడుతున్నాము. ‘ఈమాన్ ఉన్నవాడికి ఇలాంటి ఆలోచన రాదు’ అన్న మాట విన్న బిడ్డ మరెన్నడూ మనతో మాట్లాడదు. ఖుర్‌ఆన్ 19వ సూరాలో హజ్రత్ మర్యమ్ (అ) వృత్తాంతాన్ని గుర్తు చేసుకుందాము. ప్రసవ వేదనతో, లోకనింద భయంతో ఖర్జూరపు చెట్టు మొదటికి చేరిన ఆ పుణ్యవతి, ఇంతకు ముందే తాను చనిపోయి ఉంటే బాగుండేదని అనుకున్నది. ఆ మాటకు అక్కడ మందలింపు లేదు. దుఃఖపడవద్దన్న ఓదార్పు ఉంది. తాగడానికి నీరు, తినడానికి పండిన ఖర్జూరాలు ఉన్నాయి. నిందించేవారికి జవాబు చెప్పనక్కరలేదన్న వెసులుబాటు ఉంది. కుంగిన బిడ్డ ఎదుట గురువుకూ, ఇమాముకూ, తల్లిదండ్రులకూ ఇంతకంటే గొప్ప ఆదర్శం ఏముంటుంది? కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి చూపు కోల్పోయిన హజ్రత్ యాఖూబ్ (అ) ఈమాన్ లేనివారు కారు. హజ్రత్ ఖదీజా (ర), అబూ తాలిబ్ మరణించిన సంవత్సరానికి దుఃఖ సంవత్సరమనే పేరు వచ్చింది. దుఃఖం విశ్వాస లోపం కాదు. జ్వరం వస్తే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళే మనం, మనసు జబ్బు పడితే తాయెత్తుతో సరిపెట్టడం మానాలి. దుఆ చేద్దాము, వైద్యమూ చేయిద్దాము.

దురదృష్టం జరిగిపోయిన ఇంటి పట్ల మన ప్రవర్తన గురించి కూడా రెండు మాటలు. జనాజా నమాజు చదవవచ్చా అన్న చర్చను ఆ తల్లిదండ్రుల చెవిన పడేలా చేసేవారు ఉన్నారు. చదవవచ్చునన్నదే అత్యధిక ధర్మవేత్తల అభిప్రాయం. ఆ బిడ్డ తీర్పు అల్లాహ్ చేతిలో ఉంది. మన చేతిలో ఉన్నది ఆ కుటుంబానికి భుజం అందించడం. బడి కూడా ఏమీ జరగనట్టు మరునాడు గంట కొట్టి పాఠం మొదలుపెట్టకూడదు. ఎలా జరిగిందన్న వివరాల్లోకి వెళ్ళకుండా, మరణించిన బిడ్డను నిందించకుండా, వీరునిగా కీర్తించకుండా, తరగతి పిల్లలతో ఆ దుఃఖాన్ని మాట్లాడాలి. ఖాళీ అయిన ఆ బెంచీ పక్కన కూర్చునే స్నేహితుణ్ణి రాబోయే వారాల్లో ప్రత్యేకంగా కనిపెట్టి ఉండాలి.

ఫలితాల రోజు గురించి ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. పదో తరగతి, ఇంటర్ ఫలితాలు ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి. అప్పుడు వేసవి సెలవులు. బిడ్డకు గురువు అండ అత్యంత అవసరమైన రోజున బడికి తాళం వేసి ఉంటుంది. తప్పిన బిడ్డ ఒంటరిగా ఒక ఇంటర్నెట్ సెంటరులోనో, చేతిలోని ఫోనులోనో తన సంఖ్య చూసుకుంటుంది. అదే గంటలో వీధి మలుపుల్లో ర్యాంకుల ఫ్లెక్సీలు లేస్తాయి. మా సూచన ఇది. ప్రతి ఉన్నత పాఠశాలలో, జూనియర్ కళాశాలలో ఫలితాలకు ముందే ప్రతి ఉపాధ్యాయునికి పది పదిహేను మంది పిల్లల ఫోను నంబర్లు అప్పగించాలి. ఫలితాల రోజున ఆ గురువు ఆ పిల్లలందరికీ, ముందుగా తప్పినవారికి, ఫోను చేయాలి. ‘సప్లిమెంటరీ ఉంది, రీవెరిఫికేషన్ ఉంది, నేనున్నాను, రేపు ఉదయం బడికి రా’ అని చెప్పాలి. 99 మార్కులను సున్నాగా చూపిన 2019ని చూసిన తరువాత, తెర మీద కనిపించే అంకెను చివరి తీర్పుగా తీసుకోవద్దని పిల్లలకు చెప్పడం మన బాధ్యత. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడనక్కరలేదు. సిబ్బంది సమావేశంలో ఒక కాగితం మీద పేర్లు రాసుకుంటే చాలు.

గురుకులాల్లో బాధ్యత ఇంకా పెద్దది. తెలంగాణలో మైనారిటీ గురుకులాలు 200కు పైగా ఉన్నాయి. వాటి వల్ల వేలాది పేద ముస్లిం కుటుంబాల పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, చదువు దక్కింది. దాన్ని మేము ఎల్లప్పుడూ హర్షిస్తూ వచ్చాము. అయితే అయిదో తరగతిలో, పదేళ్ళ వయసులో, తల్లి ఒడి వదిలి వచ్చిన బిడ్డకు ఆ ప్రాంగణంలోని టీచర్లు, వార్డెన్లే తల్లిదండ్రులు. రాత్రి తొమ్మిది తరువాత దిండులో ముఖం దాచుకొని ఏడ్చే బిడ్డ దగ్గరకు వెళ్ళే మనిషి ఎవరన్నది అసలు ప్రశ్న. ఇంటితో మాట్లాడే వీలు, నమ్మకంగా ఫిర్యాదు చేసే దారి, వారానికి ఒక రోజైనా వచ్చే శిక్షణ పొందిన కౌన్సిలర్, ఇవి అన్నంతో, పాఠ్యపుస్తకాలతో సమానంగా అవసరమైనవి.

దేశ అత్యున్నత న్యాయస్థానం ఇప్పుడు ఈ విషయంలో దారి చూపింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023 జూలైలో మరణించిన 17 ఏళ్ళ విద్యార్థిని తండ్రి వేసిన కేసులో, సుప్రీంకోర్టు 2025 జూలై 25న 15 మార్గదర్శకాలు జారీ చేసింది. చట్టం వచ్చేవరకు అవి దేశంలోని విద్యాసంస్థలన్నీ పాటించవలసినవే. 100 మంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల ఒక కౌన్సిలర్ ఉండాలి. చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. మార్కుల ఆధారంగా సెక్షన్లు విడదీయకూడదు. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్ళలో, తరగతుల్లో స్పష్టంగా కనిపించేలా రాయాలి. కులం, వర్గం, లింగం, మతం వంటి కారణాలతో జరిగే వేధింపులపై ఫిర్యాదుకు గోప్యమైన వ్యవస్థ ఉండాలి. ఈ చివరి అంశంలో ‘మతం’ అన్న మాట ఉందని మన పాఠకులు గుర్తుంచుకోవాలి. తరగతిలో మత దూషణను ఆపమని అడగడం ఇకమీదట ఎవరి దయా కాదు, కోర్టు గుర్తించిన రక్షణ. కేంద్ర విద్యాశాఖ కూడా 2023లో బడుల కోసం ఒక ముసాయిదా మార్గదర్శిని విడుదల చేసింది. దానికి ‘ఉమ్మీద్’ అని పేరు పెట్టారు. ఉమ్మీద్ అంటే ఆశ అని మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ప్రతి బడిలో ఉపాధ్యాయులతో ఒక సంక్షేమ బృందం ఉండాలన్నది అందులోని ముఖ్య సూచన.

ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసిన అనుభవం ఉన్నవారికి సర్క్యులర్ గతి ఏమిటో తెలుసు. పై నుంచి వస్తుంది, కింద సంతకం పడుతుంది, ‘అమలు చేయబడినది’ అని జవాబు వెళుతుంది, కాగితం ఫైలులో నిద్రపోతుంది. ఈ మార్గదర్శకాలకు ఆ గతి పట్టకుండా చూడటం పౌరుల పని. మీ పిల్లల బడికి వెళ్ళి కౌన్సిలర్ ఎవరని అడగండి. 14416 నంబరు గోడ మీద ఉందా అని చూడండి. లేకపోతే రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ప్రభుత్వ బడి అయితే సమాచార హక్కు చట్టం కింద ప్రశ్నించండి. పాఠశాల యాజమాన్య కమిటీలో మనవారు సభ్యులుగా ఉన్నచోట ఈ అంశాన్ని సమావేశపు ఎజెండాలో చేర్పించండి. ఒక మస్జిద్ కమిటీ తన మొహల్లాలోని బడికి ఈ పని చేయగలిగితే అది ఒక గొప్ప సేవ అవుతుంది.

న్యాయంగా మాట్లాడాలంటే ఉపాధ్యాయుల బరువును కూడా చెప్పుకోవాలి. ఒక తరగతిలో అరవై మంది. ఎన్నికల విధులు, సర్వేలు, మధ్యాహ్న భోజనం ఫొటోలు, మరుగుదొడ్ల ఫొటోలు, రోజుకో యాప్. ప్రైవేటు బడిలో అయితే చాలీచాలని జీతం, మార్కులు తగ్గితే ఉద్యోగం పోతుందన్న భయం. తానే ఊపిరి తీసుకోలేని మనిషి ఇంకొకరి మనసు వినాలంటే కష్టం. కాబట్టి ప్రభుత్వాలను మేము కోరేది ఇది. ఉపాధ్యాయులను పాఠం కాని పనుల నుంచి తప్పించండి. ఖాళీ పోస్టులు భర్తీ చేయండి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలోని నిపుణులు నెలకొకసారైనా మండల కేంద్రంలోని బడులకు వచ్చేలా చేయండి. శిక్షణలు తెలుగులోనూ ఉర్దూలోనూ ఇవ్వండి. ఉర్దూ మాధ్యమం బడులను ఈ విషయంలోనైనా చివరి వరుసలో కూర్చోబెట్టకండి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. బడి నుంచి టీచరు ఫోను చేసి ‘మీ బిడ్డ దిగులుగా ఉంది, ఒకసారి రండి’ అంటే పరువు పోయిందని అనుకోకండి. ఆ ఫోను చేసిన మనిషి మీ బిడ్డకు మేలు కోరేవారు. ఇంటికి వచ్చి బిడ్డను కొట్టకండి. ఆ సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకొని అన్నం తినిపించండి.

ఉపాధ్యాయ సోదర సోదరీమణులారా, రేపు ఉదయం మీరు హాజరు పట్టిక తెరిచినప్పుడు పేరు పిలవగానే తల ఎత్తి ఆ బిడ్డ ముఖం ఒకసారి చూడండి. ‘ప్రెజెంట్ సార్’ అన్న గొంతు నిన్నటిలా లేదనిపిస్తే పాఠం అయిన తరువాత ఆగమని చెప్పండి. మీ మతం ఏదైనా, ఆ బిడ్డ మతం ఏదైనా, ఆ పది నిమిషాలు వృథా పోవు. ఒక్క ప్రాణాన్ని కాపాడటానికి ఖుర్‌ఆన్ ఎంతటి స్థానం ఇచ్చిందో ముస్లిం పాఠకులకు మేము గుర్తు చేయనక్కరలేదు. ఆ భాగ్యం డాక్టర్లకంటే ముందు మీకే దక్కే అవకాశం ఉంది. ఈ సంచికను మీ బడి సిబ్బంది గదిలో ఒక బల్ల మీద ఉంచండి. గోడ మీద రెండు నంబర్లు పెద్ద అక్షరాలతో రాయించండి: 14416, 1098.